అమెరికా కాలేజీ అప్లికేషన్‌లో యాక్టివిటీలు: ఏవి పట్టుకోవాలి, ఏవి వదిలేయాలి

ఏటా ఆగస్టు 1న కామన్ యాప్ కొత్త ఏడాదికి తెరుచుకుంటుంది. అమెరికాలో వెయ్యికి పైగా కాలేజీలు తీసుకునే ఉమ్మడి దరఖాస్తు ఇది. ఫ్రిస్కో, ఎడిసన్, కమ్మింగ్, ఆష్‌బర్న్, ఫ్రీమాంట్ లాంటి ఊళ్లలోని తెలుగు ఇళ్లలో దీని గురించిన టెన్షన్ మాత్రం ఐదారేళ్ల ముందే మొదలవుతుంది. ఆరో తరగతి పిల్లని స్పెల్లింగ్ బీ కోచింగ్‌లో చేర్చేటప్పుడూ, ఏడో తరగతి పిల్లవాణ్ని రోబోటిక్స్ దగ్గర దింపి వచ్చేటప్పుడూ "రేపు కాలేజీకి పనికొస్తుంది" అన్న మాట వినపడుతూనే ఉంటుంది. ఇంటర్ కాగానే పిల్లల్ని నేరుగా అండర్‌గ్రాడ్‌కి పంపాలనుకునే హైదరాబాద్, విజయవాడ ఇళ్లలోనూ ఇప్పుడు ఇదే మాట.

ఇన్ని ఆదివారాలు, ఇంత డబ్బు ఖర్చుపెట్టే ముందు చేయాల్సిన పని ఒకటుంది. ఆ దరఖాస్తులో యాక్టివిటీల పేజీ ఎలా ఉంటుందో తెరిచి చూడాలి. ఖాతాకి డబ్బు కట్టక్కర్లేదు, తల్లిదండ్రులు కూడా తమ పేరుతో తెరుచుకోవచ్చు. దాన్ని నిదానంగా చదివితే చాలా అపోహలు అక్కడే పోతాయి.

పేజీలో పది గళ్లుంటాయి. ఒక్కో గడిలో విద్యార్థి పాత్ర రాయడానికి 50 అక్షరాలు, సంస్థ పేరుకి 100, చేసిన పని వివరించడానికి 150. ఖాళీలు, కామాలు కూడా ఈ లెక్కలోకే వస్తాయి. 150 అంటే ఇంగ్లిష్‌లో రెండు లైన్లకు మించదు. ఆ తర్వాత వచ్చేవి అసలైన ప్రశ్నలు. ఏ ఏ తరగతుల్లో చేశారు, బడి నడిచే రోజుల్లోనా సెలవుల్లోనా ఏడాది పొడుగునా, వారానికి ఎన్ని గంటలు, ఏడాదికి ఎన్ని వారాలు, కాలేజీలో కూడా ఇలాంటిది కొనసాగిస్తారా. బహుమతులు, ర్యాంకులకు వేరే చోట ఐదు గళ్లున్నాయి. ఈ పేజీ ప్రధానంగా అడుగుతున్నది కాలం గురించి. ఎంత కాలం, ఎంత తరచుగా, ఏ పని మీద.

తరగతుల దగ్గర ఇంకో విషయం గమనించాలి. టిక్కు పెట్టడానికి అక్కడ ఉండేవి తొమ్మిది నుంచి పన్నెండు వరకే, ఆ పైన ఏదైనా ఉంటే అదొకటి. ఎనిమిదో తరగతి దాకా గెలిచిన కప్పులకు ఇందులో చోటే లేదు. జాతీయ స్పెల్లింగ్ బీలో పాల్గొనే అర్హత ఎనిమిదో తరగతితో ముగుస్తుంది. అంటే కాలేజీ కోసమని ఆ బీ వెంట పరుగెత్తించిన ఏళ్లన్నీ కాలేజీ ఫారంలో కనపడని ఏళ్లే. పిల్లకి మాటల పుట్టుకల మీద నిజంగా ఇష్టముంటే అది వేరే సంగతి, ఆ ఇష్టం ఎటూ పోదు.

అన్ని కాలేజీలూ ఒకే ఫారం వాడవు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, అంటే బర్కిలీ, యూసీఎల్‌ఏ వగైరా తొమ్మిది క్యాంపస్‌ల సొంత దరఖాస్తులో 20 గళ్లుంటాయి, ఒక్కో వివరణకు 350 అక్షరాలు. చదువు బయటి యాక్టివిటీలు, సేవ, ఉద్యోగం, అవార్డులు, అదనపు కోర్సులు, విద్యా కార్యక్రమాలు అన్నీ అందులోనే కలుస్తాయి. ఎంఐటీ దీనికి పూర్తిగా ఎదురు. తన సొంత ఫారంలో నాలుగంటే నాలుగే యాక్టివిటీలు చెప్పమంటుంది. ఇంజినీరింగ్‌కి అంత పేరున్న చోట నాలుగు చాలంటున్నారంటే, పది గళ్లూ నింపకపోతే సీటు పోతుందన్న భయానికి ఆధారం లేనట్టే.

వారంలో మిగిలే గంటలు

గంటల సంగతి కాగితం మీద వేసి చూస్తే తేలిపోతుంది. పదకొండో తరగతి చదువుతూ నాలుగు ఏపీ సబ్జెక్టులు (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, అంటే హైస్కూల్లోనే చదివే కాలేజీ స్థాయి పాఠాలు) తీసుకున్న అమ్మాయి వారం ఎలా గడుస్తుందో చూద్దాం. మొత్తం 168 గంటలు. రోజుకి ఎనిమిది గంటల నిద్రకి 56 పోతాయి. బడికి 35. తిండి, స్నానం, రాకపోకలు కలిపి రోజుకి మూడు గంటలనుకుంటే 21. నాలుగు ఏపీల హోంవర్క్, పరీక్షల చదువు రోజుకి మూడు గంటల చొప్పున ఇంకో 21. మిగిలేవి 35. అందులోనే గుడి, పుట్టినరోజు పార్టీలు, ఊరినుంచి వచ్చిన చుట్టాలు, ఫోను, ఏమీ చేయకుండా కూర్చునే సమయం అన్నీ సర్దుకోవాలి. గట్టిగా పట్టుకుంటే చేతిలో ఉండేవి పదిహేను గంటలు.

పదిహేను గంటల్లో రెండు పనులు బాగా చేయొచ్చు, మూడోది కాస్త తేలిగ్గా చేయొచ్చు. అదే అమ్మాయి ఫారంలో పది యాక్టివిటీలు, ఒక్కోటి వారానికి ఆరు గంటలు అని రాస్తే అరవై గంటలవుతాయి. రోజుకి పదుల కొద్దీ దరఖాస్తులు చదివే ఆఫీసర్‌కి ఈ కూడిక చేయడానికి కాలిక్యులేటర్ అక్కర్లేదు. ఒక గడిలో అంకె నమ్మశక్యంగా లేకపోతే మిగతా తొమ్మిదింటి మీదా అనుమానం వస్తుంది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమైతే ఏటా కొందరిని ఎంపిక చేసి, రాసినవాటికి రుజువు పంపమంటుంది. జవాబివ్వకపోతే దరఖాస్తు రద్దు.

కాబట్టి ఏ యాక్టివిటీ మంచిది అన్నదానికన్నా ముందు తేల్చుకోవాల్సింది ఇది: ఈ ఏడాది ఈ పిల్లకి నిజంగా ఎన్ని గంటలున్నాయి, అవి ఏ రెండింటికి ఇవ్వాలి.

ఎక్కడ లెక్కలోకి వస్తుంది, ఎక్కడ రాదు

అమెరికాలో అన్ని కాలేజీలకూ యాక్టివిటీలు ముఖ్యమన్నది కూడా తప్పే. దరఖాస్తు పెట్టినవాళ్లలో ఎక్కువమందిని తీసుకునే కాలేజీలే అక్కడ ఎక్కువ. వాటికి కావాల్సింది మార్కులు, తీసుకున్న సబ్జెక్టుల స్థాయి. చాలా కాలేజీలు ఏటా కామన్ డేటా సెట్ అనే పత్రం బయటపెడతాయి. అందులో సీ7 అనే పట్టికలో మార్కులు, టెస్టు స్కోర్లు, వ్యాసం, సిఫారసు లేఖలు, యాక్టివిటీలు, ఉద్యోగానుభవం ఇలా ఒక్కోదాని ఎదురుగా 'చాలా ముఖ్యం', 'ముఖ్యం', 'చూస్తాం', 'చూడం' అని టిక్కు పెట్టి ఉంటుంది. కాలేజీ పేరు, దాని పక్కన ఈ పత్రం పేరు కొట్టి వెతికితే దొరుకుతుంది. కన్సల్టెంట్‌కి వేల డాలర్లు కట్టే ముందు పిల్ల ఇష్టపడే ఎనిమిది కాలేజీల పట్టికలు చూడటానికి ఒక సాయంత్రం చాలు.

టెక్సస్ తెలుగువాళ్లకి ఇంకో లెక్కుంది. 1997 చట్టం ప్రకారం అక్కడి హైస్కూల్లో పై 10 శాతంలో నిలిచినవాళ్లకు రాష్ట్ర ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ప్రవేశం ఖాయం. ఆస్టిన్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయానికి (యూటీ) మాత్రం ఆ గీత ఇంకా పైన ఉంటుంది. 2026 ఫాల్ నుంచి అది పై 5 శాతానికి చేరింది. అయితే ఆ హామీ విశ్వవిద్యాలయంలో చోటుకే. కంప్యూటర్ సైన్స్ లాంటి కోర్సులో సీటు కావాలంటే మిగతా దరఖాస్తు కూడా చూస్తారు. ప్లేనో, ఫ్రిస్కో బడుల్లో పై 5 శాతంలోకి రావడం ఎంత కష్టమో అక్కడి పిల్లలకు బాగా తెలుసు. అందుకే ర్యాంకు చేజారుతుంటే యాక్టివిటీ కోసం చదువు తగ్గించుకోవడం చేతులారా చేసుకునే నష్టం. గ్రేడు పడిపోతే ఏ క్లబ్ ప్రెసిడెంట్ పదవీ దాన్ని పూడ్చలేదు.

అట్లాంటిక్‌కి అవతల ఇంగ్లండ్‌లో పద్ధతి వేరు. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ వాళ్లకు టెన్నిస్ కప్పులతో పని లేదు. చదవబోయే సబ్జెక్టు గురించి సిలబస్ దాటి ఏం చదివారు, ఏం ప్రయత్నించారు అన్నదే చూస్తారు.

యాక్టివిటీలు నిజంగా బరువు తూగేది మార్కులన్నీ సమానంగా ఉన్నవాళ్లు వేల సంఖ్యలో పోటీపడే కొద్ది చోట్ల. ఆ చోట్ల లోపల ఏం జరుగుతుందో బయటికి తెలిసిన సందర్భం ఒకటుంది.

హార్వర్డ్ అంకెలు

ఆసియా మూలాలున్న విద్యార్థుల పట్ల వివక్ష ఉందంటూ హార్వర్డ్ ప్రవేశాలపై 2014లో వేసిన దావా 2018 అక్టోబర్‌లో బోస్టన్ ఫెడరల్ కోర్టులో విచారణకు వచ్చింది. అప్పుడే ఆ విశ్వవిద్యాలయం దరఖాస్తులకు లోపల వేసుకునే అంకెల వివరణ పత్రం అందరి కంటా పడింది. చదువు, యాక్టివిటీలు, ఆటలు, వ్యక్తిత్వం అని నాలుగు విభాగాలు. యాక్టివిటీల్లో 1 అంటే అసాధారణం, జాతీయ స్థాయి విజయం లేదా వృత్తి స్థాయి అనుభవం. 2 అంటే బడిలో గట్టి పాత్ర, క్లాస్ ప్రెసిడెంటో, పత్రిక సంపాదకుడో, లేదా ప్రాంతీయంగా గుర్తింపు ఉన్నవారో. 3 అంటే బాగానే పాల్గొన్నారు, ప్రత్యేకత లేదు. 4 అంటే దాదాపు ఏమీ లేదు.

పది క్లబ్బుల్లో సభ్యత్వం ఉన్న పిల్లవాడు ఈ మెట్ల మీద ఎక్కడ నిలుస్తాడో ఆలోచించండి. పదింటిలో 'పాల్గొన్నాడు' అంటే పది సార్లు 3. పదిని కూడినా 2 కాదు. ఒక్క పత్రికకు మూడేళ్లు పనిచేసి సంపాదకురాలైన పిల్లకి ఆ ఒక్కటే 2 తెచ్చిపెడుతుంది.

అంతకన్నా గమనించాల్సింది ఐదో అంకె. అది 4 కన్నా తక్కువేమీ కాదు. మామూలు యాక్టివిటీల చట్రంలో ఇమడని గట్టి బాధ్యతలకు, అంటే కుటుంబ బాధ్యతలకూ చదువుకుంటూ చేసే ఉద్యోగానికీ, ఇచ్చే గుర్తు అది. ఆరో అంకె అనారోగ్యం లాంటి కారణాల వల్ల పాల్గొనలేకపోయినవారికి. దేశంలో అత్యంత కఠినంగా వడపోసే కాలేజీల్లో ఒకటి కూడా తమ్ముణ్ని చూసుకునే పిల్ల కోసం ఒక అంకె కేటాయించుకుంది. కామన్ యాప్‌లో యాక్టివిటీ రకం ఎంచుకునే జాబితాలోనే 'కుటుంబ బాధ్యతలు' అని ఒకటుంది, 'జీతం వచ్చే పని' అని మరొకటుంది.

తెలుగు ఇళ్లలో ఈ రెంటినీ రాయడానికి నామోషీ. వీసా మీద ఆరు నెలలు ఉండటానికి వచ్చిన అమ్మమ్మకి షుగర్, మోకాళ్ల నొప్పి. అమ్మానాన్నా ఆఫీసులో. డాక్టర్ అపాయింట్‌మెంట్‌కి పక్కన కూర్చుని, "నడుస్తుంటే కలుక్కుమంటోంది" అన్న అమ్మమ్మ మాటని డాక్టర్‌కి ఇంగ్లిష్‌లో చెప్పి, ఆయన చెప్పిన మందుల వేళల్ని డబ్బా మీద తెలుగు అంకెల్లో రాసిపెట్టే పదిహేనేళ్ల పిల్ల ఇంట్లోనే ఉంటుంది. ఇన్సూరెన్స్ వాళ్లకు ఫోన్ చేసేదీ ఆమే. ఆమె తల్లిదండ్రులు ఆ పని గురించి ఫారంలో రాయాలని అనుకోరు. పక్కవీధి ఆసుపత్రిలో ఫైళ్లు సర్దే వాలంటీర్ ఉద్యోగం కోసం మాత్రం నాలుగు మెయిళ్లు పెడతారు. వైద్యం చదవాలనుకునే పిల్లకి ఈ రెండింటిలో దేనివల్ల రోగి అంటే ఏమిటో తెలిసింది? ఫారంలో వారానికి నాలుగు గంటలు, ఏడాదికి ఇరవై ఆరు వారాలు అని నిజాయితీగా రాస్తే ఆ గడి మిగతా తొమ్మిదింటికన్నా గట్టిగా నిలబడుతుంది.

ఉద్యోగం సంగతికొస్తే ఒక చిక్కుంది. హెచ్-4 వీసా (హెచ్-1బీ ఉద్యోగుల కుటుంబానికిచ్చేది) మీద ఉన్న పిల్లలు జీతం తీసుకుని పనిచేయకూడదు. గ్రీన్‌కార్డు క్యూలో పదిహేనేళ్లుగా ఉన్న ఇళ్లలో తోటి పిల్లలంతా వేసవిలో ఐస్‌క్రీం షాపులోనో, ఈతకొలను దగ్గర లైఫ్‌గార్డుగానో పనిచేస్తుంటే వీళ్లు చేయలేరు. కొన్ని వేసవి కార్యక్రమాలు, సైన్స్ పోటీలు కూడా పౌరసత్వం లేదా గ్రీన్‌కార్డు అడుగుతాయి. ఏడాది కష్టపడ్డాక చివరి గడపలో ఆగిపోవడం పిల్లల్ని బాగా కుంగదీస్తుంది. నియమాల పేజీలో అర్హత అనే భాగం ముందు చదివి, ఆ తర్వాతే పిల్లకి ఆశ పెట్టాలి. వీసా వల్ల కుదరని పనిని అదనపు సమాచారం అనే చోట ఒక్క వాక్యంలో చెప్పుకోవచ్చు.

హార్వర్డ్ విచారణలో బయటపడ్డ మరో సంగతి మన ఇళ్లకు నేరుగా తగులుతుంది. ఆసియా మూలాలున్న పిల్లలకు చదువులోనూ యాక్టివిటీల్లోనూ సగటున మంచి అంకెలే పడ్డాయి. తగ్గింది 'వ్యక్తిత్వం' అంకెలో. దీన్ని వివక్ష అన్నారు దావా వేసినవాళ్లు. 2019లో కింది కోర్టు హార్వర్డ్ వైపు తీర్పిచ్చినా, 2023 జూన్ 29న సుప్రీంకోర్టు జాతిని లెక్కలోకి తీసుకునే ప్రవేశ విధానాలను కొట్టేసింది. వ్యక్తిత్వం కొలిచే ఈ అలవాటు మూలమూ చేదైనదే. 1920ల మొదట్లో హార్వర్డ్‌లో చేరేవారిలో యూదు విద్యార్థులు ఐదో వంతు దాటేసరికి, అప్పటి అధ్యక్షుడు లారెన్స్ లోవెల్ వాళ్ల సంఖ్యకి కట్టడి కావాలన్నాడు. బాహాటంగా కోటా పెట్టడం కుదరలేదు. 1926 నుంచి పరీక్ష మార్కులతో పాటు 'నడవడి', 'వ్యక్తిత్వం' చూడటం మొదలైంది. యేల్, ప్రిన్స్‌టన్‌లదీ అదే దారి. యాక్టివిటీలకీ సిఫారసు లేఖలకీ ఇంత విలువ రావడానికి ఒక మూలం అక్కడుంది.

ఈ చరిత్ర తెలిస్తే పిల్లల్లో ఏదో లోపముందన్న అనుమానం కొంత పోతుంది. యాక్టివిటీల అంకె ఇప్పటికే బాగున్నప్పుడు పదకొండోది చేర్చినా ప్రయోజనం ఉండదన్నదీ అర్థమవుతుంది.

మన ఇళ్లలో ఎక్కువగా కనిపించేవి

కూచిపూడి, భరతనాట్యం, కర్ణాటక సంగీతం. ఐదారేళ్ల వయసులో మొదలుపెట్టి, పదో తరగతి వేసవిలో రంగప్రవేశమో అరంగేట్రమో చేయించి, పన్నెండో తరగతికి మానేసేవాళ్లు చాలామంది. హాలు, పక్కవాద్యాలు, నగలు, భోజనాలు, వీడియో అన్నీ కలిపితే చిన్న పెళ్లంత ఖర్చు. ఆఫీసర్‌కి ఆ ఖర్చు కనపడదు. ఆ తర్వాత ఆ పిల్ల ఏం చేసిందన్నది కనపడుతుంది. గురువుగారి దగ్గర చిన్నపిల్లలకు నాట్యపు అడుగులు నేర్పిందా? వృద్ధాశ్రమంలో నెలకోసారి పాడిందా? తన కాలేజీలో నాట్య బృందంతో కలవాలనుకుంటోందా? చాలా కాలేజీలు కళల కోసం విడిగా వీడియో పంపే వీలు ఇస్తాయి. నిజంగా సాధన ఉన్నవారికి ఐదు నిమిషాల వీడియో పెద్ద కార్యక్రమం బ్రోచర్‌కన్నా ఎక్కువ చెబుతుంది. నాట్యం ఇష్టం లేని పిల్లని కాలేజీ పేరు చెప్పి అరంగేట్రం దాకా ఈడ్చుకెళ్లకండి. ఆ కళకీ అది మర్యాద కాదు.

నార్త్ సౌత్ ఫౌండేషన్ పోటీలు మరొకటి. భారతదేశంలో పేద విద్యార్థుల స్కాలర్‌షిప్‌ల కోసం 1989లో చిట్టూరి రత్నం మొదలుపెట్టిన సంస్థ ఇది. పోటీలో పాల్గొన్న పిల్లలే పెద్దయ్యాక చిన్నవాళ్లకు కోచింగ్ ఇవ్వడం అక్కడ మామూలు. స్పెల్లింగ్ బీలో గెలవని పిల్లకి కూడా ఇక్కడ దారుంది. ఏ మాటల దగ్గర తను తడబడిందో తెలుసు కాబట్టి మంచి టీచర్ అవుతుంది, అదంతా తొమ్మిది నుంచి పన్నెండు తరగతుల్లోనే జరుగుతుంది.

సిలికానాంధ్ర మనబడిలో తెలుగు నేర్చుకుని, అదే బడిలో సహాయకులుగా ఉండే హైస్కూల్ పిల్లలు కూడా చాలామందే. వారి గడి ఎలా ఉంటుందో దగ్గరగా చూద్దాం. ఆష్‌బర్న్‌లో ఒకమ్మాయి మొదట ఇలా రాసిందనుకుందాం: "తెలుగు భాష, సంస్కృతి మీద మక్కువతో చిన్నారులకు బోధించాను. నాయకత్వ లక్షణాలు, సహనం పెంచుకున్నాను." ఇందులో ఒక్క పిల్లవాడి ముఖం కూడా కనపడదు, ఈ వాక్యం ఎవరైనా రాయొచ్చు. అదే ఇలా రాస్తే: "12 మంది ఆరేళ్ల పిల్లలకు ఆదివారం గంటన్నర తరగతి. గుణింతాలు రాని నలుగురికి పాటల కార్డులు చేశాను. ఇప్పుడు వాటిని ఇంకో రెండు తరగతులు వాడుతున్నాయి." ఎంతమంది, ఏ కష్టం వచ్చింది, ఏం చేసింది, ఏం మిగిలింది అన్నీ వచ్చేశాయి. రెండో వాక్యం రాయాలంటే ఆ నలుగురు పిల్లలు నిజంగా ఉండాలి. యాక్టివిటీ ఎంచుకునేటప్పుడే ఈ పరీక్ష పెట్టుకోవచ్చు. మూడేళ్ల తర్వాత ఇలాంటి వాక్యం రాయగలిగే అవకాశం ఈ పనిలో ఉందా?

రోబోటిక్స్ జట్టులో ముప్ఫై మంది ఉంటారు. జట్టు రాష్ట్రస్థాయికి వెళ్లిందన్నది ముప్ఫై దరఖాస్తుల్లోనూ ఉంటుంది. చక్రాల భాగం ఎవరు కట్టారు, కెమెరా కోడ్ ఎవరు రాశారు, స్పాన్సర్ల దగ్గర డబ్బు ఎవరు తెచ్చారు అన్నదే తేడా.

సేవా గంటల పిచ్చి గురించి కాస్త గట్టిగానే చెప్పాలి. అమెరికా అధ్యక్షుడి పేరుతో ఇస్తూ వచ్చి 2025లో నిలిపేసిన వాలంటీర్ అవార్డులో 16 నుంచి 25 ఏళ్ల వారికి 250 గంటలకు బంగారు పతకం అని పెట్టడంతో, చాలా ఇళ్లలో గంటలు కూడబెట్టడమే సేవ అయిపోయింది. నెలకో చోట, ఏ పనైనా సరే, సంతకం పెట్టించుకోవడం. ఒకే ఫుడ్ బ్యాంక్‌కి రెండేళ్లు ప్రతి శనివారం వెళ్లిన పిల్లకి బియ్యం ఏ వారంలో అయిపోతుందో, ఎవరికి డబ్బా తెరిచే సాధనం కూడా ఉండదో తెలుస్తుంది. ఇరవై చోట్ల పది గంటల చొప్పున తిరిగిన పిల్లకి తెలియదు.

ఇంకో అలవాటు సొంత స్వచ్ఛంద సంస్థ పెట్టడం. వెబ్‌సైట్, లోగో, ఫౌండర్ అనే హోదా, పాత పుస్తకాలు సేకరించి ఊరి బడికి పంపిన ఫోటోలు. పన్నెండో తరగతి డిసెంబర్ తర్వాత ఆ వెబ్‌సైట్ మళ్లీ మారదు. నాన్నగారి ఊళ్లోని జిల్లా పరిషత్ హైస్కూల్ హెడ్మాస్టర్‌కి ఫోన్ చేసి "మీకు ఏం కావాలి" అని అడిగిన ఫౌండర్లు ఎంతమంది? ఆయనకు కావాల్సింది ఇంగ్లిష్ నవలలు కాకపోవచ్చు. పదో తరగతి పిల్లలకు వారానికి రెండు రోజులు వీడియోలో ఇంగ్లిష్ మాట్లాడించేవాళ్లు కావచ్చు, అమ్మాయిల టాయిలెట్‌కి నీళ్ల మోటారు కావచ్చు. ఇప్పటికే ఆ పని చేస్తున్న సంస్థ ఏదైనా ఉంటే అందులో చేరి రెండేళ్లు పనిచేయడం ఎన్నో రెట్లు మేలు, ఊళ్లో పిల్లలకి కూడా.

డబ్బు కట్టి చేరే వేసవి కార్యక్రమాలు, డబ్బు తీసుకుని రీసెర్చ్ పేపర్ అచ్చువేయించే కంపెనీల జోలికి వెళ్లేముందు ఒక్క మాట. పేరున్న క్యాంపస్‌లో జరిగినంత మాత్రాన ఆ కాలేజీ పిల్లని ఎంచుకున్నట్టు కాదు. చాలాచోట్ల హాస్టలూ గదులూ అద్దెకిస్తారు, అంతే. నిజంగా పోటీతో ఎంచుకునేవాటిలో ఉచితమైనవి ఉన్నాయి. 1984 నుంచి నడుస్తున్న, ఎంఐటీలో జరిగే రీసెర్చ్ సైన్స్ ఇన్‌స్టిట్యూట్ అలాంటిదే. ఇక అబద్ధాలు ఎక్కడిదాకా వెళ్తాయో 2019 మార్చిలో బయటపడ్డ కుంభకోణంలో లోకమంతా చూసింది. ఆడని ఆటలో క్రీడాకారులుగా పిల్లల్ని చూపించిన తల్లిదండ్రులు జైలుకెళ్లారు.

ఇంటర్ పిల్లల సంగతి

ఆంధ్ర, తెలంగాణల్లో రెసిడెన్షియల్ కాలేజీలో ఇంటర్ చదివే పిల్లకి తెల్లవారుజాము నుంచి రాత్రి స్టడీ అవర్ దాకా ఖాళీ దొరకదు. క్లబ్బులుండవు, కౌన్సెలర్ ఉండడు. ఆ పాత్ర ప్రిన్సిపలో, లెక్చరరో పోషించాలి. దరఖాస్తుతో పాటు బడి తరఫున పంపే పరిచయ పత్రం, అంటే స్కూల్ ప్రొఫైల్‌లో అక్కడి దినచర్య ఎలా ఉంటుందో, ఏ అవకాశాలు లేవో రాయించాలి. అమెరికన్ కాలేజీలు పిల్లని ఆమె చదివిన చోటుతో పోల్చి చూస్తాయి, ఫ్రీమాంట్ బడితో కాదు. ఈ ఒక్క పత్రం లేకపోవడం వల్ల ఇంటర్ పిల్లలు నష్టపోతున్నారు, దాన్ని రాయడానికి రెండు గంటలు పట్టదు.

సెలవుల గడి కూడా ఇక్కడ పనికొస్తుంది. సంక్రాంతికి, వేసవికి ఇంటికొచ్చి తండ్రితో గుంటూరు మిర్చి యార్డుకెళ్లే అబ్బాయినే తీసుకోండి. టిక్కీల (మిర్చి బస్తాల) తూకం చీటీలు సరిచూస్తాడు. కమీషన్, హమాలీ ఖర్చు తీసేస్తే చేతికి ఎంత వస్తుందో లెక్కగడతాడు. రెండు మూడు సీజన్ల ధరలు నోటు పుస్తకంలో ఉంచుకుంటాడు. ఎకనామిక్స్ చదవాలనుకుంటే ఇంతకన్నా మంచి యాక్టివిటీ ఏ క్లబ్‌లో దొరుకుతుంది? అతను దాన్ని ఇంటిపని అనుకుంటాడు కాబట్టి రాయడు.

డబ్బు అక్కర్లేనిది ఇంకొకటి 2003 డిసెంబర్‌లో మొదలైన తెలుగు వికీపీడియా. సొంత ఊరి చెరువు గురించి, గుడి శాసనం గురించి ఆధారాలతో ఒక వ్యాసం రాస్తే ప్రతి మార్పూ తేదీతో, సమయంతో చరిత్ర పేజీలో నిలిచి ఉంటుంది. తోటి వాడుకరులు తప్పులు దిద్దుతారు, ఆధారం లేని వాక్యాన్ని తీసేస్తారు. సెలవుల్లో ఫోన్ మీదే చేయొచ్చు. రుజువు అడిగితే లింకు చాలు.

ఈప్‌సెట్, జేఈఈ, నీట్ ర్యాంకులతో వచ్చే సీట్లకి మాత్రం ఇవేవీ అక్కర్లేదు. ఎన్‌సీసీ, క్రీడల కోటాలది చిన్న వాటా. ఈ మధ్య కొన్ని కిటికీలు తెరుచుకున్నాయి. ఐఐటీ మద్రాస్ 2024-25 నుంచి క్రీడాకారులకు, ఆ మరుసటి ఏడాది నుంచి లలితకళల వారికి విడిగా సీట్లు పెట్టింది. క్రీడల కింద ఒక్కో బీటెక్ కోర్సుకి రెండు అదనపు సీట్లు, అందులో ఒకటి అమ్మాయిలకు. జేఈఈ అడ్వాన్స్‌డ్ అర్హత మాత్రం తప్పదు. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ ఒలింపియాడ్ పిల్లలకు వేరే దారి ఇస్తోంది. అశోకా, శ్రీసిటీలోని క్రియా లాంటి ప్రైవేటు విశ్వవిద్యాలయాలు వ్యాసాలు, యాక్టివిటీలు కూడా అడుగుతాయి. అమెరికా కోసం చేసిన పని వృథా పోకుండా ఇవి కూడా దృష్టిలో ఉంచుకోవచ్చు.

ఎప్పుడు ఆపాలి

తొమ్మిదో తరగతిలో నాలుగైదు పనులు రుచి చూడనివ్వడంలో తప్పు లేదు. పదో తరగతి చివరికి పిల్లే చెప్పాలి, వీటిలో ఎవరూ దింపకపోయినా తను వెళ్లేది ఏదని. ఆ రెండో మూడో ఉంచి మిగతావి ఆపేయొచ్చు. ఫారంలో తొమ్మిది, పది అని టిక్కు పెట్టి పదకొండు ఖాళీగా వదిలితే ఎవరూ సంజాయిషీ అడగరు. గళ్లు నింపే వరుస కూడా పిల్ల చేతిలోనే ఉంటుంది. తనకు ముఖ్యమైనది ముందు రాయమనే ఫారం చెబుతుంది, పేరు పెద్దదైనది ముందు పెట్టమని కాదు.

అన్నిటికన్నా కష్టం పెద్దవాళ్లకే. ఏడేళ్లు వీణ నేర్పించిన టీచర్‌కి మానేస్తున్నామని చెప్పాలి, అసోసియేషన్ పిక్నిక్‌లో "ఇంకా చేస్తోందా" అని అడిగినవాళ్లకు లేదని చెప్పాలి. చెప్పేయడమే మంచిది. అలా తగ్గిన ఆరు గంటల్లో కొత్త క్లాసు పెట్టకండి. వాటిని ముందు నిద్రకి వదలండి, పదకొండో తరగతిలో చాలామంది పిల్లలకు అన్నిటికన్నా తక్కువ దొరికేది అదే.